తెగిన త్రాడు

త్రాడు తెగినచో తప్పెవరిది? ప్రశ్నము చిన్నది. దీనికి సమాధానము చెప్పుటకు ధర్మశాస్త్రములును న్యాయస్థానములును కావలయునా యని చదువరులు నవ్వవచ్చును. గడచిన వేసవి వఱకు నేనును దీనిని విచారింపదగిన విషయముగా నెంచినవాడను గాను. ఒక కంకరరాయి వచ్చి నా కన్నుల యెదుటి యద్దమును పగులగొట్టిన నాడు గాని ఇందలి చిక్కు నాకు గోచరింపలేదు.

జరిగినది క్లుప్తముగా చెప్పెదను. ఇబ్రహీంపట్నము నుండి బెజవాడకు హైదరాబాదు రహదారి మీద వచ్చుచుంటిమి. కారు మా తోడల్లునిది, నడుపుచున్నవాడను నేను. ప్రక్కన నా భార్య, వెనుక మా చిన్నమ్మాయి కూర్చుండిరి. గొల్లపూడి దాపున మాకు ముందొక లారీ కంకరను కుప్పగా పోసికొని పోవుచుండెను. పైన బరకము లేదు. వెనుక తలుపునకు ఇనుప గడియ యుండవలసిన చోట నొక నైలాను త్రాడు కట్టబడియుండెను. లారీ యొక గతుకులో పడి లేచెను. త్రాడు తెగెను. తలుపు జానెడు తెరచుకొని గుప్పెడు రాళ్లు రోడ్డుపై రాలెను. అందొకటి ఎగిరివచ్చి అద్దమునకు తగిలెను. ఇప్పటి కార్ల ముందద్దములు రెండు గాజు రేకుల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర పెట్టి చేయబడును గాన, అద్దము సాలెగూటివలె చీలినదే కాని మా మీద రాలలేదు.

డ్రైవరు మంచివాడే. పాఱిపోక బండి నాపి దిగివచ్చెను. ఇరువదియైదేండ్లకు మించని పిల్లవాడు. "తాడు తెగిందండి, నేనేం చేసేది?" అనెను. మఱల, "అయినా మీరు కాస్త దూరంగా రావాలి గదండి. వెనకాల రాసే ఉంది" అని లారీ వెనుక పలకను చూపెను. నిజమే, దూరముగా రావలెనని పెద్ద యక్షరములతో వ్రాసియుండెను. నేను నోరు తెరచులోపల నా భార్య, "పిల్లకు తగల్లేదు, అదే పదివేలు. మన ఖర్మ ఇట్లా ఉంది, ఆ అబ్బాయినేమంటాం, పదండి పోదాం" అనెను. నేను లారీ సంఖ్యను, తెగిన త్రాటిని సెల్‌ఫోనుతో ఫొటో తీసికొని కదలితిని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు నిమిషములలో నేను మూడు సిద్ధాంతములను వింటిని. త్రాడు తెగినది గావున తప్పు లేదనుట యొకటి. ముందుగా హెచ్చరించితిమి గావున తప్పు మీదే యనుట రెండవది. ఇది ఖర్మము గావున తప్పన్నదే లేదనుట మూడవది. మనదేశమున ఒకరి యజాగ్రత్త వలన మఱియొకరికి నష్టము కలిగినప్పుడెల్ల ఈ మూడింటిలో నేదో యొకటి వినబడుచునే యుండును. వీనిలో నెంత సత్యమున్నదో చూతము.

ఖర్మమను మాటను ముందుగా తీసికొందము. కర్మ యనగా చేసిన పని. ఆ మాటయే మన నోట నలిగి ఖర్మ మయ్యెను. అయి తన యర్థమునకు సరిగా విరుద్ధమైన యర్థమును పొందెను. చేసిన పనికి ఫలము తప్పదన్న సిద్ధాంతము ఎవడును చేయని పనిగా మాఱినది. అట్లే అదృష్టమను పదము. కంటికి కనబడని కారణము అదృష్టము. కాని ఆ త్రాడు కంటికి కనబడనిదా? ఆ యుదయమున లారీ కంకర మిల్లు నుండి బయలుదేఱునప్పుడు తలుపు వేసినవాడు చూచెను, డ్రైవరు చూచెను, పద్దు వ్రాసిన గుమాస్తా చూచెను, వెనుక వచ్చుచున్న నేనును చూచితిని. ఇందఱు చూచినదానిని అదృష్టమనుట భాషకు ద్రోహము. కనబడు కారణమున్నంతవఱకు కనబడని కారణమును వెదకరాదని మన తార్కికులే చెప్పుదురు.

రెండవది త్రాటి వాదము. దీనికి మన దేశమున బలమైన పూర్వాచార మొకటి గలదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున బండ్ల వలన కలుగు హానిని గూర్చి కొన్ని శ్లోకములున్నవి. ఆ గ్రంథమును సంస్కారదృష్టి గలవారు ప్రమాణముగా గైకొనలేరు. స్త్రీలకును శూద్రులకును అది చేసిన యన్యాయము మఱవదగినది కాదు. అయినను బండి విషయమున ఆ శాస్త్రకర్త చూపిన పరిశీలనము మెచ్చదగినది. దండము విధింపరాని సందర్భములు పది యని అతడు లెక్కించెను. ఎద్దు ముక్కుత్రాడు తెగుట, కాడి విఱుగుట, బండి యడ్డముగా పోవుట, వెనుకకు మఱలుట, ఇరుసు విఱుగుట, చక్రము విఱుగుట, కట్లు తెగుట, మెడపట్టెడ తెగుట, పగ్గము తెగుట, తొలగుడని సారథి కేక వేసియుండుట. చూచితిరా! గొల్లపూడిలో ఆ పిల్లవాడు చెప్పిన రెండు సమాధానములును, త్రాడు తెగుటయు కేక వేయుటయు, ఈ పదింటిలోనే యున్నవి. అతడు మనుస్మృతిని చదివియుండడు. మనుష్యుడు తన తప్పును తొలగించుకొనుటకు వెదకుకొను దారులు రెండువేల యేండ్లకును మాఱలేదని మాత్రము దీనివలన తెలియుచున్నది.

కాని ఆ శ్లోకములు అంతటితో ఆగలేదు. సారథి నేర్పులేమిచే బండి దారి తప్పి హాని కలిగినచో దండము సారథికి గాక యజమానునికి విధింపబడెను. అది రెండువందల పణములు. సారథి నేర్పరియై యుండియు హాని చేసినచో దండము సారథిదే. సారథి నేర్పు లేనివాడైనచో బండిలో కూర్చుండిన వారందఱును తలకొక నూఱు చెల్లింపవలెను. ఈ కడపటి మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. దీనితో నాకు ముందు పని యున్నది.

త్రాడు తెగినచో దండము లేదన్న నియమమునకు న్యాయమెక్కడిది? మనుష్యప్రయత్నమునకు అందని దానికి మనుష్యుని శిక్షింపరాదను తలంపే దానికి మూలము. ఆ తలంపు సరియైనదే. గట్టి త్రాడు, క్రొత్త త్రాడు, చూచి కట్టిన త్రాడు హఠాత్తుగా తెగినచో ఎవరిని నిందింతుము? కాని త్రాళ్లకు వయస్సున్నది. ఎండకు నైలాను పెళుసగును. ఇనుప యంచు రాచుకొని పోగు పోగుగా తెగును. పైగా ఆ లారీలో త్రాడు త్రాటి స్థానమున లేదు. గడియ స్థానమున నున్నది. గడియ విఱిగిన నాడే తప్పు పుట్టినది. అది ఎన్ని దినములు, ఎన్ని ట్రిప్పులు, ఎందఱి వెనుక తిరిగెనో తెలియదు. గొల్లపూడిలో తెగుట దాని పుట్టుక కాదు, దాని బయటపడుట మాత్రమే. కావున తెగినదా యని యడుగుటతో విచారణ ముగియదు. అక్కడ అది ఏల యున్నది యని యడుగవలెను.

ఆంగ్లదేశపు న్యాయస్థాన మొకటి 1863లో ఈ ప్రశ్ననే యడిగెను. లివర్‌పూలు పట్టణమున నొక పిండివర్తకుని దుకాణము ముందు ఒకడు నడచిపోవుచుండగా మేడమీది కిటికీ నుండి పిండిపీపాయి వానిపై పడెను. అది ఎట్లు పడినదో అతడు చూడలేదు. ఎవరి యజాగ్రత్తయో నిరూపింపలేకపోయెను. క్రింది న్యాయస్థానము సాక్ష్యము లేదనెను. పై న్యాయస్థానమున పోలక్ అను న్యాయాధిపతి వేఱు విధముగా తలచెను. పీపాయిలు ఊరక కిటికీల నుండి దొరలిపడవు. పడినదనగా దానిని కాపాడవలసినవారు కాపాడలేదని యర్థము. అట్లు కాదనువాడే కాదని నిరూపించుకొనవలెను. దీనికి న్యాయశాస్త్రమున వస్తువే పలుకునను పేరు వచ్చినది. గాయపడినవాడు లోపలి గుట్టు తెలిసికొనలేడు. తెలియునది లోపల నున్నవానికే. నా కారు అద్దము మీద పడిన రాయి కూడ ఆ విధముగనే మాటలాడినది. కంకర తనంత తాను లారీ దిగదు.

ఇక హెచ్చరిక మాట. తొలగుడని కేక వేసినవానికి దండము లేదన్న నియమము ఎద్దుబండి కాలమునకు తగియున్నది. ఇఱుకు వీథిలో బండివాడు కేక వేసినచో నడచువాడు ప్రక్కకు తప్పుకొనగలడు. అనగా కేకకు విలువ కలుగవలెనన్న వినువానికి తప్పుకొను దారి యుండవలెను. రహదారిపై అట్టి దారి యెంత? లెక్క వేసి చూడుడు. గంటకు అఱువది కిలోమీటర్ల వేగమున బండి సెకనునకు పదునాఱు మీటర్లకు పైగా పోవును. మూడు మీటర్ల ఎత్తు నుండి జాఱిన రాయి నేలను చేరుటకు సెకనులో నాలుగింట మూడు వంతులకు కొంచెము మించి పట్టును. ఆలోపల వెనుకబండి పదమూడు మీటర్లు ముందుకు వచ్చియుండును. కావున రెండు సెకనుల యెడము విడిచి నడుపుట, అనగా ముప్పదిమూడు మీటర్ల వెనుక నుండుట వివేకము. ఆనాడు నేనట్లు లేనని యొప్పుకొనుచున్నాను. కాని నా వివేకలోపము వాని తప్పును మాపగలదా? వీథితలుపు వేసికొనక నిద్రించినవాడు అవివేకియే. దొంగ మాత్రము దొరయగునా? పైగా నేను ముప్పదిమూడు మీటర్లు విడిచినచో ఆ సందులో మోటారుసైకిలు వచ్చి చేరును. దానిమీద భార్యాబిడ్డలతో పోవువానికి ముందద్దమే లేదు. లారీ వెనుక వ్రాసిన హెచ్చరిక నిజమునకు చెప్పునది వేఱు: ఇందు అపాయమున్నదని మాకు తెలియును. తెలియుననుట నిర్దోషిత్వమునకు సాక్ష్యము కాదు, దోషమునకే సాక్ష్యము.

ఈ మూడు సిద్ధాంతములను నాలో నేను ఇట్లు ఖండించుకొని, మఱునాడు అద్దము మార్పించుటకు ఆటోనగరమునకు పోయితిని. జవాహర్ ఆటోనగరమును చూడని కృష్ణాజిల్లావాడు అరుదు. 1960వ దశకమున వెలసిన ఈ పేట ఆసియాఖండమున నిట్టివానిలో పెద్దదాని నొకటిగా చెప్పుకొనుచుందురు. మద్రాసు నుండి కలకత్తాకు పోవు రహదారియు, హైదరాబాదు నుండి బందరుకు పోవు రహదారియు కలిసికొను బెజవాడలో లారీలు నిలుచుట సహజము. నిలిచిన లారీకి మరమ్మతు కావలయును. దాని వెంట కమ్మరి, వడ్రంగి, రంగులవాడు, టైరులవాడు వచ్చిరి. ఒట్టి ఇనుప చట్రముగా వచ్చిన బండికి ఇచట కొయ్యతోను రేకుతోను ఒడలు కట్టి, రంగులు పూసి, పద్యమో దేవుని పేరో వ్రాసి పంపుదురు.

అద్దముల మేస్త్రి అఱువదేండ్లవాడు. పగులును చూచి, "కంకర లారీయా మాస్టారూ?" అని నవ్వెను. "ఎట్లు తెలిసినది మేస్త్రిగారూ?" అని యడిగితిని. "వారానికి నాలుగైదు వస్తాయండి. కంకర, ఇసుక, బూడిద, కోత రోజుల్లో గడ్డి. ఆ లారీలుండబట్టే మా పొయ్యి వెలుగుతోంది" అనెను. హాస్యముగా అన్నమాటయే, అయినను నాకు ఫ్రెంచి పండితుడు బాస్తియా 1850లో వ్రాసిన వ్యాసము స్ఫురించెను. పిల్లవాడు కిటికీయద్దము పగులగొట్టినచో అద్దములవానికి పని దొరకినదని జనులు సంతోషింతురు. అద్దమునకు పోసిన సొమ్ముతో ఆ యింటివాడు చెప్పులు కొనియుండును, పుస్తకము కొనియుండును, ఆ కొనని చెప్పులు ఎవరికిని కనబడవు అని అతని వాదము. కనబడునది యొకటి, కనబడనిది యొకటి. మన అదృష్టమను మాటకు ఇదియే తగిన అర్థమని నాకు తోచెను. ఆటోనగరము మన ప్రాంతమునకు గర్వకారణము. కాని అది బండ్లను కట్టుటచేత జీవింపవలెను గాని, బండ్లు పగులుటచేత కాదు.

మేస్త్రి పని చేయుచు మఱియొక మాట చెప్పెను. "లారీవాణ్ణి అంటారు గానీ మాస్టారూ, గడియ వేయించాలంటే ఇక్కడ ఒక పూట ఆగాలి. ఆగితే ఒక ట్రిప్పు పోతుంది. బరకం కప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ డబ్బులెవరిస్తారు? సరుకు కొనేవాడు పైసా పైసా గీస్తాడు." నేను తలయూపితిని. ఊపుచుండగనే నా నోట మాట యాగిపోయెను.

ఏలయనగా ఆ కొనువాడను నేనే. రెండేండ్ల క్రిందట మా యింటిపై నొక గది వేయించునప్పుడు రెండు లారీల కంకర తెప్పించితిని. అమ్మువాని గుమాస్తా, బరకము కప్పి పంపుటకు ట్రిప్పునకు మూడువందలు అధికమగునని చెప్పెను. "కంకరేమైన వానకు కరగునా?" అని నేను పరిహసించితిని. ఆరువందలు మిగిల్చితినని ఆ రాత్రి భోజనము చేయుచు నా భార్యతో గొప్పగా చెప్పుకొంటిని కూడ. ఆ రెండు లారీలును ఇదే దారిని, ఇట్లే, ఎవరి పిల్లల ముందుగనో వచ్చియుండును. ఏ రాయియు ఎవరికిని తగులలేదని నేను నమ్ముచున్నాను. కాని నాకు తెలియదు.

తెలియకపోవుట నన్ను రక్షించునా? 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అను ఇరువురు తత్త్వవేత్తలు నైతికమైన యదృష్టమను సమస్యను చర్చించిరి. చిత్రమేమన, ఇరువురును లారీ డ్రైవరునే ఉదాహరణముగా గైకొనిరి. బండిని సరిగా చూచుకొనని డ్రైవర్లు ఇద్దఱున్నారనుకొనుడు. ఒకని దారికి పిల్లవాడడ్డము వచ్చెను. రెండవవాని దారికి ఎవరును రాలేదు. ఇరువురి యజాగ్రత్తయు సమానమే. అయినను లోకము మొదటివానిని హంతకుడనును. రెండవవాడు ఇంటికి పోయి నిద్రించును. ఇది న్యాయమా? ఫలము మన చేతిలో లేనప్పుడు ఫలమును బట్టి తప్పును తూచుట యెట్లు? తూచకుండుట యెట్లు? విలియమ్స్ మఱియొక మాట చెప్పెను: తన తప్పేమియు లేక పిల్లవానిని కూల్చిన డ్రైవరు కూడ, చూచువానివలె అయ్యో యని ఊరకుండలేడు, చేసిన చేయి తనదన్న బాధ వానికి వేఱుగా నుండును, ఉండనిచో వానిని మనము శంకింతుము.

నాకు తోచిన పరిష్కారమిది. పరిహారము విషయమున ఫలమును చూడవలెను. పగిలిన యద్దమునకే వెల యున్నది, పగులని యద్దమునకు లేదు. పశ్చాత్తాపము విషయమున మాత్రము ఫలమును చూడరాదు. ఎవరికిని తగులని నా రెండు లారీల కంకరకు నేను ఎవరికిని ఋణపడియుండకపోవచ్చును. కాని ఆ పిల్లవానికంటె నేను మేలైనవాడనని చెప్పుకొనుటకు నాకు అర్హత లేదు. నేర్పు లేని సారథి బండిలో తెలిసి కూర్చుండిన ప్రయాణికులకు తలకొక నూఱు దండమన్న మాట జ్ఞాపకమున్నది కదా. చవుకదనమను బండిలో నేను కూర్చుండియే యుంటిని.

పూర్వము మన డెల్టాలో సరకులు కాలువలపై సాగెడివి. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఏలూరు కాలువ, బందరు కాలువ పడవలకు రాజమార్గములైనవి. పడవను చెడ్డగా నింపినచో ముందు మునుగువాడు పడవవాడే. కావున జాగ్రత్తను ఎవరును నేర్పనక్కఱలేదు, ప్రాణభయమే నేర్పెను. లారీ యట్టిది కాదు. సరకు సరిగా కట్టనిచో పడునది వెనుకవాని మీద. అపాయము చేయువాని నుండి తొలగి ముక్కుమొగము తెలియని వాని నెత్తికి బదిలీయైనది. స్వార్థము నేర్పు జాగ్రత్త ఇట పనికిరాదు; ధర్మము గాని దండము గాని నేర్పవలెను. నాగరకత పెరిగినకొలది నీతి సులభమగునని తలంచుట పొరపాటు. మనము చూడని వారికి మన వలన హాని కలుగు దారులు పెరిగినకొలది, చూడనివారిని తలచుకొను శక్తియు మనలో పెరుగవలెను.

దండము సంగతి మన శాసనములలో లేకపోలేదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణమున, సరకు బండి ప్రక్కలకు గాని ముందువెనుకలకు గాని అనుమతించిన ఎత్తునకు గాని మించి పొడుచుకొని వచ్చినచో ఇరువదివేల రూపాయల జుల్మానా విధింపబడెను. అందు గమనింపదగినది నడుపువాడు మాత్రమే కాక నడిపించువాడు, నడుపనిచ్చువాడు అను మాటలు కూడ నుండుట. ఇనుపకడ్డీలు లారీ వెనుక మీటరు దూరము పొడుచుకొని యుండుటకు పూర్వము నియమములలోనే యనుమతి యుండెను. దాని వలన ఎందఱో చనిపోయిన పిమ్మట 2014లో అది తొలగింపబడెను. ఐరోపా దేశములు ఇంకను సూక్ష్మముగా చెప్పినవి: సరకు కట్లు ముందువైపునకు సరకు బరువులో పదింట ఎనిమిది వంతుల బలమును, ప్రక్కలకును వెనుకకును సగము బరువు బలమును తట్టుకొనవలెను. అనగా గట్టిగా కట్టితిమను నోటిమాట చాలదు. ఎంత గట్టిగా నన్నది కొలతకు లోబడినది.

నష్టపడినవారికి ఉపయోగపడునట్టి నాలుగు మాటలు చెప్పుట నా విధి. లారీని వెంటాడరాదు, అద్దము కొఱకు ప్రాణము నొడ్డుట తెలివి కాదు. బండిని ప్రక్కకు తీసి సంఖ్యను, చోటును, వేళను వ్రాసికొనవలెను. వీలైనచో సరకు కట్టిన తీరును ఫొటో తీయవలెను. వస్తువే పలుకును గాన దాని పలుకును భద్రపఱుపవలెను. పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసి యిచ్చి దాని నకలు తీసికొనవలెను. డ్రైవరు ఎవరో చెప్పుమని పోలీసులు అడిగినప్పుడు చెప్పుట యజమానునికి చట్టము విధించిన బాధ్యత. ప్రతి లారీకిని ఇతరుల నష్టమునకు బీమా యుండవలెనన్నది నిర్బంధము. ఆ బీమా దేహమునకే కాక, పరిమితి మేరకు ఆస్తికిని వర్తించును. దానికై మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. దరఖాస్తునకు ఆరునెలల గడువును 2019 సవరణము పెట్టినది. అది 2022 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొఱిగినట్లు లేచువారికి ఈ నియమము మంచి పాఠము. తన సొంత బీమా నుండి తీసికొనుట సులువే కాని, క్లెయిము లేనందుకు వచ్చెడి తగ్గింపు పోవచ్చునని ముందే తెలిసికొనవలెను.

ఇక నేను చేసినది. తలుపుపై వ్రాసియున్న సంఖ్యకు ఫోను చేసి యజమానునితో మాటలాడితిని. అతడు మర్యాదగనే మాటలాడి, వారము లోపల అద్దము వెలలో సగము పంపెను. సంతోషించితిని. పిమ్మట తెచ్చియిచ్చిన పిల్లవానిని, అతడే డ్రైవరు, అడుగగా తెలిసినదేమన, ఆ సొమ్ము అతని జీతము నుండి కోసినది. అడుగకున్నచో అతడు చెప్పియుండడు. గడియ మాత్రము ఇంకను వేయింపలేదు. క్రొత్త త్రాడు కట్టిరి.

అప్పుడు నా భార్య చెప్పిన మాట మఱల నా మనస్సునకు వచ్చెను. పోనిమ్మనుట క్షమ కదా. క్షమ ధర్మలక్షణములలో నొకటి కదా. నిజమే. కాని ఎవరిని క్షమింపవలెను, దేనిని క్షమింపవలెను? ఆ పిల్లవానిని నేను క్షమింపవచ్చును. నా సొమ్మును వదలుకొనవచ్చును. ఆ రెంటికిని నేను కర్తను. కాని ఆ త్రాటిని క్షమించుటకు నేనెవడను? రేపు దాని వెనుక పోవువాడు నాకు వకాలతు ఇయ్యలేదు. నా నష్టమును నేను క్షమించుట ఔదార్యము. ఇతరులకు రాబోవు నష్టమును నేను క్షమించుట సోమరితనము. మనము ఈ రెంటిని ఒకే పేరుతో పిలిచికొని, రెండవదానికి మొదటిదాని పుణ్యమును లెక్క వ్రాసికొనుచున్నాము. గృహస్థులలో శాంతస్వభావులని పేరుపొందిన వారిలో ఎందఱి శాంతి ఇట్టిదో ఎవరికి వారు విచారించుకొనవలెను.

సొమ్మును ఆ పిల్లవానికే తిరిగి యిచ్చితిని. మొదట తీసికొననన్నాడు, పిదప తీసికొన్నాడు. ఫొటోను జతచేసి యజమానునికి జాబు వ్రాసితిని: నాకు అద్దము వెల అక్కఱలేదు, బండికి గడియ కావలెను, పదునైదు దినములలో వేయింపనిచో ఈ ఫొటోను రవాణాశాఖకు పంపుదును అని. ప్రత్యుత్తరము రాలేదు. పదునాఱవ దినమున పంపితిని. నా భార్య మొదట, "ఎవరితోనో వైరం మనకెందుకండీ" అనెను. కొంతసేపటికి, "ఆ అబ్బాయి పని పోతుందేమో" అనెను. ఆ రెండవ మాటకు నాయొద్ద సమాధానము లేదు. పోదని నమ్మకము లేకయే పంపితిని. ధర్మమార్గమున పోయినవానికి మనశ్శాంతి తప్పక కలుగునని పుస్తకములలో చదివితిని, నాకు కలుగలేదు. చేయకున్నచో కలిగియుండెడిదని కూడ చెప్పలేను.

ఒక్కటి మాత్రము తెలిసినది. న్యాయము పైనుండి క్రిందికి జాఱునప్పుడు కంకరవలెనే అది కూడ అడుగున నున్నవాని మీద పడును. యజమానుడు జీతము కోసెను. జీతము కోసినందున గడియ రాలేదు. శిక్ష చేరవలసిన చోటు తప్పినచో తప్పు దిద్దుకొనబడదు. కావున డ్రైవరును తిట్టుటతో మన బాధ్యత తీరినదనుకొనరాదు. తిట్టుటకు మనకు ముందు దొరకువాడు అతడే; ఆ కారణము చేతనే అతనిని తుదకు తిట్టవలెను.

చదువరులలో నిల్లు కట్టుకొనువారు, కోతలైన పిమ్మట గడ్డి తోలించుకొనువారు, బదిలీపై సామాను తరలించువారు ఎందఱో యుందురు. మన గుమ్మము ముందుకు వచ్చు ప్రతి లారీకిని కొంత దూరము మనమే యజమానులము. బేరమాడునప్పుడు రెండు ప్రశ్నలు అధికముగా అడుగుడు: తలుపునకు గడియ యున్నదా? బరకము కప్పి కట్టెదరా? దానికి మూడువందలు అధికమన్నచో ఆ మూడువందలను వెలలో చేరిన భాగముగా నెంచి యిండు. ఆ సొమ్మును మనము మిగిల్చుకొన్నచో అది మాయమైపోదు. దారిలో నెవరో మనకు తెలియనివారు మన తరఫున చెల్లింతురు.

ఈ నెల మా ప్రహరీగోడకు ఒక లారీ ఇసుక తెప్పించితిని. బరకము కప్పియే వచ్చినది. దింపక ముందు నేను వెనుకకు పోయి తలుపు గడియను చేతితో కదలించి చూచితిని. హమాలీలు నన్ను చూచి నవ్వుకొనిరి. నవ్వుకొననిండు.